నోట్లో మూడు వేళ్లు పడుతున్నాయా?

సంపాదకులకు నమస్కారం.

దవడ కీలు నొప్పితో వచ్చేవాళ్ల సంచిలో సాధారణంగా మూడు వస్తువులు ఉంటాయి. చెవి డాక్టరు రాసిన చుక్కల మందు, పంటి డాక్టరు తీసిన చిన్న ఎక్స్‌రే, తలనొప్పికి వాడిన మాత్రల పట్టీ. కర్ణభేరి బాగానే ఉందని ఒకరు, పన్ను బాగానే ఉందని ఇంకొకరు చెప్పాక కూడా నొప్పి తగ్గదు. చివరికి విసిగిపోయి ‘ఆ పన్నే పీకేయండి’ అని రోగే అడుగుతాడు. పన్ను పోతుంది, నొప్పి ఉంటుంది. నెల తిరిగేసరికి దాని పక్క పన్ను మీద అనుమానం మొదలవుతుంది.

దవడ, ముఖ శస్త్రచికిత్సలు చేసే మేము ఈ ఉత్తరం రాస్తున్నది ఒక అలవాటు కోసం. దవడ, చెవి, చెంప, కణత, వీటిలో ఎక్కడ నొప్పి అన్నా నోరు ఎంత తెరుచుకుంటోందో కొలవాలి. కొలిచి ఆ అంకె రాసిపెట్టాలి. పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే స్కేలు చాలు.

పద్ధతి ఇది. ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చేతిని నిలువుగా తిప్పి పై ముందుపళ్లకూ కింది ముందుపళ్లకూ మధ్య పెట్టాలి. మూడూ పడితే ఫరవాలేదు. రెండే పడితే ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది. ఎవరి నోటికి వాళ్ల వేళ్లే కొలత. పిల్లవాడి నోటికి పిల్లవాడి వేళ్లే పెట్టి చూడాలి. కచ్చితంగా కావాలంటే స్కేలు తీసుకోండి. స్కేలు చివరను కాదు, సున్నా గీతను కింది ముందుపన్ను అంచుకు సరిగ్గా పట్టి, నొప్పి లేకుండా తెరవగలిగినంత తెరిచి, పై పన్ను అంచు దగ్గరున్న అంకె చూడాలి. తర్వాత నొప్పి పుట్టినా సరే తెరవగలిగినంత తెరిచి రెండో అంకె రాయాలి. పెద్దవాళ్లలో 40 నుంచి 50 మిల్లీమీటర్లు మామూలు. 35 కంటే తగ్గితే కారణం వెతకాలి. రెండు అంకెలకూ మధ్య తేడా బాగా ఉంటే కండరం పట్టేసిందేమో చూస్తాం. రెండూ ఇంచుమించు ఒకటే అయి 25, 30 దగ్గర గట్టిగా ఆగిపోతే కీలు లోపలే అడ్డం ఉందేమో చూస్తాం.

రెండో పరీక్ష అద్దం ముందు. పై ముందుపళ్ల రెండింటి మధ్య గీతనే చూస్తూ నోరు నెమ్మదిగా తెరవండి. కింది దవడ ఒక పక్కకు వంకర తిరిగి, సగం తెరిచాక ‘టక్’మని మళ్లీ మధ్యకు వస్తే ఒక అర్థం. పక్కకు పోయి అక్కడే ఉండిపోతే ఇంకో అర్థం. రెండింటికీ వైద్యం వేరు కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పాలి.

కింది దవడ ఒకే ఎముక, కీళ్లు మాత్రం రెండు. కావడి బద్దకు ఆ కొసా ఈ కొసా బరువు వేలాడినట్టు, ఒకే ఎముకకు రెండు చెవుల ముందూ రెండు కీళ్లు. ఒక పక్క బిగుసుకుంటే ఆ వంతు పని కూడా రెండో పక్క మీద పడుతుంది. కుడి కీలు చెడినవాళ్లు ఎడమ పక్క నొప్పి అని రావడం అందుకే.

నోరు తెరుచుకోవడం రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి 20, 25 మిల్లీమీటర్ల వరకు దవడ తల, అంటే కీలులో ఉండే దవడ ఎముక కొస, తన గూట్లోనే తలుపు బందులా తిరుగుతుంది. ఆ తర్వాత సొరుగు లాగినట్టు ముందుకూ కిందికీ జారుతుంది. చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే ఆ జారుడు వేలికి తెలుస్తుంది. దవడ తలకూ పుర్రె ఎముకకూ మధ్య ఒక బిళ్ల ఉంటుంది. మధ్యలో వేలితో అదిమిన గారెలా నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది. దవడ తల ఎటు జారితే బిళ్ల కూడా అటే జారాలి. ఈ బిళ్ల నడిమి భాగంలో నరాలు లేవు. దాని వెనక ఉండే మెత్తటి కణజాలంలో మాత్రం నరాలూ రక్తనాళాలూ దండిగా ఉన్నాయి. బిళ్ల ముందుకు తప్పుకుని దవడ తల ఆ వెనక భాగాన్ని నొక్కినప్పుడు నొప్పి పుడుతుంది.

బిళ్ల ముందుకు తప్పుకుని, నోరు తెరిచేటప్పుడు దవడ తల మళ్లీ దాని మీదికి ఎక్కితే ‘టక్’మని చప్పుడు వస్తుంది. మూసేటప్పుడు జారిపోతే ఇంకో చిన్న చప్పుడు. ఇది చాలామందికి ఉంటుంది. ఏ బాధా లేనివాళ్లకు ఎమ్మారై తీసినా మూడో వంతు మందిలో బిళ్ల స్థానం తప్పి కనిపించవచ్చు. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటున్నప్పుడు ఆ చప్పుడుకు వైద్యం అక్కర్లేదు, ఎమ్మారై అంతకంటే అక్కర్లేదు. ‘చప్పుడు వస్తోందంటే కీలు అరిగిపోయినట్టే’ అని భయపెట్టి మొదలుపెట్టే వైద్యాన్ని అనుమానించండి. టక్ అనే చప్పుడు వేరు, ఇసుకలో నడిచినట్టు గరగరమనడం వేరు. రెండోది ఎముక అంచులు గరుకెక్కినప్పుడు వస్తుంది. దానికి సీటీ గానీ, అలాంటి పరీక్ష గానీ అవసరం కావచ్చు.

పట్టించుకోవలసింది ఏదంటే, ఏళ్ల తరబడి వస్తున్న టక్ చప్పుడు ఒక ఉదయం హఠాత్తుగా ఆగిపోవడం. ‘హమ్మయ్య, నయమైంది’ అనుకుంటారు. కానీ ఆరోజు నుంచే నోట్లో రెండు వేళ్లు కూడా కష్టంగా పడతాయి. బిళ్ల ముందే ఇరుక్కుపోయి దవడ తలను ముందుకు జారనివ్వట్లేదన్నమాట. మొదటి విడత తిరుగుడు ఉంటుంది, రెండో విడత జారుడు పోతుంది. అందుకే అంకె 25, 30 దగ్గర ఆగిపోతుంది, నోరు తెరిచినప్పుడు దవడ ఆ పక్కకే వంగి ఉండిపోతుంది. ఇది మొదలైన కొత్తలో వస్తే చేయగలిగింది ఎక్కువ. డాక్టరు బొటనవేలిని కింది వెనక పళ్ల మీద ఉంచి దవడను కిందికీ ముందుకూ లాగితే కొందరిలో బిళ్ల చోటుకు వస్తుంది. లేకపోతే కీలులో బిళ్లకు పైనున్న ఖాళీలోకి రెండు సూదులు దించి, ఒక దాంట్లోంచి 100, 200 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ ద్రవం పంపి రెండో దాంట్లోంచి బయటికి తీసి కడుగుతారు. దీనికి ఆ చోటు మాత్రమే మొద్దుబారే మత్తు సూది చాలు. కడిగిన తర్వాత వ్యాయామం చేయకపోతే ఫలితం నిలవదు.

ఇదంతా చదివి ప్రతి దవడ నొప్పీ బిళ్ల దోషమే అనుకోవద్దు. మేము చూసే నొప్పుల్లో ఎక్కువ భాగం కండరాలవి. రెండు చెంపల మీద వేళ్లు పెట్టి పళ్లు బిగించండి, బంతిలా ఉబికేది నమిలే కండరం. కణతల దగ్గర ఉబికేది ఇంకోటి. ఇప్పుడు పళ్లు వదిలేసి, ఉబికిన చోట ఒక్కో వేలితో ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. కిలో బరువంత ఒత్తిడి కావాలి. అది ఎంతో తెలియాలంటే వంటింటి తూకం యంత్రం మీద వేలితో నొక్కి ఒకసారి చూడండి, చాలామంది అనుకున్నదానికంటే ఎక్కువే. చెంప కండరంలో ఒక చోట నొక్కితే కింది దవడ పన్నులో నొప్పి మొదలవుతుంది, కణత కండరంలో నొక్కితే పై పన్నులో. రోగి ‘అదే నొప్పి డాక్టరుగారూ, అదే’ అన్నాడంటే పన్నును వదిలేయాలి.

పంటి నొప్పికీ దీనికీ తేడా పట్టడం కష్టమేం కాదు. పంటి నొప్పయితే చల్లటి నీళ్లకో వేడి కాఫీకో రేగుతుంది, పన్ను మీద తడితే తెలుస్తుంది. కండరం నొప్పయితే పొద్దున్న లేవగానే గానీ, నమిలాక గానీ ఎక్కువవుతుంది, చల్లటి నీళ్లతో పని లేదు. ఇంకా సందేహం ఉంటే ఆ పంటికి మత్తు సూది వేయాలి. పన్ను మొద్దుబారినా నొప్పి అలాగే ఉంటే నొప్పి పుట్టిన చోటు ఆ పన్ను కాదు. రూట్ కెనాల్ మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు ఈ పరీక్షకు కేటాయించమని మా తోటి దంతవైద్యులకు మనవి. చెవి సంగతీ ఇంతే. చెవి ముందు భాగానికీ దవడ కీలుకూ స్పర్శ అందించే నరం ఒకటే కాబట్టి కర్ణభేరి నిక్షేపంగా ఉన్నా చెవిపోటు వస్తుంది, చెవి దిబ్బడ వేసినట్టు ఉంటుంది.

ఆ కండరాలు ఎందుకు పట్టేస్తాయి? తిననప్పుడు, మాట్లాడనప్పుడు పళ్లు ఒకదానికొకటి తగలకూడదు. పెదవులు మూసి ఉన్నా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. బండి నడుపుతూ, ఫోన్ చూస్తూ, కుట్టుమిషన్ మీద వంగి, లెక్కలు కూడుతూ పళ్లు ఆనించి పెట్టుకునే అలవాటు చాలామందికి ఉందని వాళ్లకే తెలియదు. ఇప్పుడీ ఉత్తరం చదువుతున్న మీ పళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. రాత్రి పళ్లు నూరడం వేరే సంగతి. అది నిద్రలో మెదడు చేయించే పని. దిగులు తగ్గించే కొన్ని మందులతోనూ మొదలవుతుంది, ఆ మందు రాసిన డాక్టరుకు చెబితే మారుస్తారు. మనంతట మనం మానకూడదు. పిల్లలు పళ్లు నూరితే కడుపులో నులిపురుగులని మన పెద్దలు అంటారు. నులిపురుగుల మాత్ర వేయడం తప్పేం కాదు, బడుల్లో ఎలాగూ వేస్తున్నారు. దానితో పళ్లు నూరడం ఆగుతుందని మాత్రం ఎదురుచూడొద్దు. చాలామంది పిల్లల్లో వయసుతో పాటు అదే తగ్గిపోతుంది.

ఇంట్లో చేయాల్సింది మొదటి రెండు మూడు వారాలు శ్రద్ధగా చేస్తే చాలామందికి ఆసుపత్రి గడప తొక్కే పని ఉండదు. చెరకు, మొక్కజొన్న పొత్తు, జంతికలు, చేగోడీలు, వేయించిన శనగలు, మాంసంలో మూలుగ ఎముక, బబుల్‌గమ్ ఆపేయాలి. ముద్దపప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా, ఉడికించిన గుడ్డు, బాగా ఉడికిన కూర తినాలి. జామకాయ, ఆపిల్ కొరక్కుండా పలచటి ముక్కలు కోసుకోవాలి. రెండు పక్కలా నమలాలి. పళ్లతో దారం తెంపడం, పాకెట్లు చించడం మానాలి. వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చెంప, కణత మీద 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి. చర్మం కమిలేంత వేడి కాదు, చల్లారితే మళ్లీ ముంచాలి. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు సగమే తెరవాలి. బోర్లా పడుకోకూడదు, చెంప కింద చెయ్యి పెట్టి పడుకోకూడదు.

వ్యాయామం ఒకటి చాలు. ‘న’ అనేటప్పుడు నాలుక కొస తాకే చోటికి కాస్త పైన అంగిటికి నాలుకను ఆనించండి. అది అక్కణ్నుంచి ఊడిపోకుండా నోరు ఎంత తెరుచుకుంటే అంతే తెరవండి, నెమ్మదిగా మూయండి. ఆరు సార్లు. రోజులో ఇలా ఆరు విడతలు. నాలుక అంగిట్లో ఉంటే దవడ తల గూట్లో తిరుగుతుందే తప్ప ముందుకు జారదు, అందుకే కండరం నొప్పి లేకుండా అలవాటు పడుతుంది. నొప్పి బాగా ఉంటే డాక్టరు సలహాతో ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు అన్నం తిన్నాక రోజుకు మూడుసార్లు ఐదారు రోజులు వాడొచ్చు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, ఉబ్బసం, గర్భం ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ దాని జోలికి పోవద్దు.

ఇక రాత్రిపూట పళ్లకు పెట్టుకునే గార్డు. ఇది ఇప్పుడు కంటి అద్దాలంత మామూలైపోయింది. పళ్లు అరగకుండా కాపాడుతుంది, అందులో సందేహం లేదు. నొప్పి తగ్గిస్తుందా అంటే అంత గట్టిగా చెప్పలేం. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ కీలు నొప్పికి వ్యాయామాలు, కండరాన్ని చేత్తో సాగదీసే వైద్యం, నొప్పి పట్ల ఆలోచనా తీరును మార్చే కౌన్సెలింగ్ వీటినే గట్టిగా సిఫారసు చేశాయి. గార్డు, బొటాక్స్ సూది, కీలు కడగడం లాంటివాటిని ఆ దీర్ఘకాలపు నొప్పికి మామూలుగా వాడొద్దని మెత్తగా చెప్పాయి. బిళ్లను కోసి తీసేసే ఆపరేషన్ వద్దని మాత్రం గట్టిగానే చెప్పాయి. అయినా గార్డు చేయించుకోవాలనుకుంటే అది ఒక దవడలో అన్ని పళ్లనూ కప్పాలి, గట్టి ఆక్రిలిక్‌తో 2, 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి, కొరుకుడు సరిచూడటానికి రెండు వారాల్లో మళ్లీ వెళ్లాలి, రాత్రి మాత్రమే పెట్టుకోవాలి. ముందుపళ్లకో వెనకపళ్లకో మాత్రమే వేసే ముక్క గార్డులు నెలల తరబడి వాడితే కప్పని పళ్లు పైకి పెరిగి కొరుకుడే మారిపోతుంది.

కొరుకుడు సరిచేస్తామంటూ బాగున్న పళ్లు అరగదీయడం, వరసగా క్యాపులు వేయడం, దవడ నొప్పి కోసమే క్లిప్పులు పెట్టడం, ఇవి వెనక్కి తీసుకోలేని పనులు. ఈ ఆలోచనకు తొంభై ఏళ్ల వయసుంది. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి వైద్యుడు వెనక పళ్లు ఊడి దవడ మరీ మూసుకుపోవడం వల్లే చెవినొప్పి, దిబ్బడ వస్తాయని రాశాడు. ఆయన చెప్పిన కారణం శరీర నిర్మాణానికి సరిపోదని తర్వాత తేలింది. పళ్లను అరగదీసే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. ఇంతకంటే చేదు పాఠం 1980ల నాటిది. అమెరికాలో చెడిన బిళ్లను తీసి ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ ముక్క పెట్టేవారు. నమిలే ఒత్తిడికి అది పొడిగా రాలి, ఆ పొడిని శరీరం శత్రువులా ఎదిరించి, పక్కనున్న ఎముకనే తినేసింది. 1990 చివర్లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరిక జారీచేసింది. చిన్న జబ్బుకు పెద్ద ఆపరేషన్ ఎవరైనా చెబితే ఇంకో డాక్టరును అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంతవరకు చెప్పింది కీలు, కండరం సంగతి. నోట్లో మూడు వేళ్లు పట్టనివాళ్లలో మన రాష్ట్రాల్లో ఇంకో పెద్ద గుంపు ఉంది, వాళ్ల కీలు బాగానే ఉంటుంది. వక్క, గుట్కా, ఖైనీతో కలిపిన వక్క పొట్లాలు నమిలేవాళ్లు. వక్కలో ఉండే అరికోలిన్ బుగ్గ లోపలి పొర కింద నార కణజాలాన్ని పేరుకునేలా చేస్తుంది. మొదట కారం తగిలితే నోరంతా మంట. గోంగూర పచ్చడి కూడా తినలేకపోతున్నాడంటే ఇంట్లోవాళ్లు కడుపులో పుండు అనుకుంటారు. తర్వాత బుగ్గలోపల ఎర్రటి పొర తెల్లగా పాలిపోతుంది, వేలితో తడిమితే నిలువుగా తాళ్లలా తగులుతుంది. ఈల వేయలేరు, బుగ్గలు పూరించలేరు, నాలుక బయటికి పూర్తిగా చాపలేరు. టక్ చప్పుడు ఉండదు, చెవి ముందు నొప్పి ఉండదు, నోరు మాత్రం నెలనెలా కాస్త కాస్త మూసుకుపోతూ వస్తుంది. 40 ఉన్న అంకె ఏడాదిలో 30, ఆపైన 20. ఇది క్యాన్సర్‌గా మారగల జబ్బు. పొగాకు కలపకపోయినా ఒట్టి వక్కే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ప్రకటించింది. కాబట్టి ‘గుట్కా మానేశా, ఒట్టి తీపి వక్కే’ అనే మాటకు అర్థం లేదు. పేరుకున్న నార మందులతో పూర్తిగా కరగదు. వక్క మానేస్తే మూసుకుపోవడం చాలావరకు ఆగుతుంది, వ్యాయామంతో కొంత తెరుచుకుంటుంది, ఆపైన ఇంజెక్షన్లో ఆపరేషనో డాక్టరు చెప్పాలి. వీళ్లకు దవడ కీలు జబ్బని పేరుపెట్టి నొప్పి మాత్రలతో పంపేస్తే పుండు పెద్దదయ్యేదాకా ఎవరూ నోట్లోకి తొంగిచూడరు.

మా మనసును అన్నిటికంటే కలవరపెట్టేది మాత్రం పిల్లల గడ్డం దెబ్బ. మెట్ల మీదో, బడి వరండాలోనో, స్నానాల గదిలోనో పిల్లవాడు గడ్డం మీద బోర్లాపడతాడు. గడ్డం కింద చీరుకుపోతుంది. దగ్గరి ఆసుపత్రిలో నాలుగు కుట్లు, ధనుర్వాతం సూది వేసి పంపేస్తారు. దెబ్బ గడ్డానికి తగిలినా ఆ బలం వెళ్లేది వెనక చెవుల ముందున్న రెండు కీళ్లకు. దవడ తల విరగొచ్చు, కీలులో రక్తం గూడుకట్టొచ్చు. ఆ రక్తం కదలిక లేకుండా ఉంటే ఎముకగా మారి దవడ తలను పుర్రెకు అతికించేస్తుంది. చిన్నపిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ. చెవిలో చీము ఏళ్ల తరబడి కారినా ఇలా జరగొచ్చు.

అతుక్కుపోయిన కీలు పక్క దవడ ఎదగదు. ఇక్కడ ఒక తికమక ఉంది. గడ్డం జబ్బు ఉన్న వైపుకు తిరుగుతుంది, ఆ వైపు చెంప నిండుగా కనిపిస్తుంది, బాగున్న వైపే చదునుగా ఉంటుంది. దాంతో తల్లిదండ్రులు బాగున్న పక్కనే చెడిందనుకుంటారు. రెండు పక్కలా అతుక్కుంటే గడ్డం వెనక్కి ఉండిపోయి నాలుకకు చోటు తగ్గి, రాత్రి గురకతో పాటు ఊపిరి ఆగి ఆగి వస్తుంది. నోరు తెరుచుకోక పళ్లు తోమలేరు, అన్నం బదులు జావే గతి.

అందుకే గడ్డానికి కుట్లు వేసే ఏ చోటైనా రెండు చెవుల ముందూ వేళ్లతో నొక్కి చూడాలి. నొప్పి, వాపు, చెవిలోంచి రక్తం, నోరు తెరిస్తే దవడ పక్కకు పోవడం, వెనక పళ్లు ముందే తగిలి ముందుపళ్లు కలవకపోవడం, వీటిలో ఏది ఉన్నా దవడ మొత్తం ఒకే బొమ్మలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయాలి, అందులో స్పష్టంగా లేకపోతే సీటీ. పిల్లల్లో ఈ విరుపులకు చాలావరకు ఆపరేషన్ అక్కర్లేదు. దవడను ఎక్కువ రోజులు కట్టి ఉంచడమే ప్రమాదం. కట్టినా వారం, పది రోజులకు మించకుండా విప్పి వ్యాయామం మొదలుపెట్టాలి. ఐస్‌క్రీం పుల్లలు బాగా కడిగి బొత్తిగా పేర్చి పళ్ల మధ్య పెట్టించాలి, రెండు మూడు రోజులకు ఒక పుల్ల చొప్పున పెంచాలి. ఈ లెక్కలన్నీ చూస్తున్న డాక్టరు చెప్పిన ప్రకారమే. నెలకోసారి స్కేలుతో కొలిచి, తేదీ వేసి, కనీసం ఏడాది రాసిపెట్టాలి. అంకె పడిపోతుంటే ఆ నెలలోనే తీసుకెళ్లాలి, బడి సెలవులు వచ్చేదాకా ఆగొద్దు.

అప్పటికే అతుక్కుపోయినవాళ్లకు ఆపరేషన్ ఉంది. అతికిన ఎముకను సెంటీమీటరుకు పైగా తొలగించి, కణత కండరపు పొరను మధ్యకు దించి, అవసరమైతే పక్కటెముక మృదులాస్థి పెడతారు. ఆపరేషన్ బల్ల మీదే నోరు 35 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. మత్తు ఇవ్వడమే ఇక్కడ క్లిష్టమైన పని. నోరు తెరుచుకోదు కాబట్టి సన్నటి కెమెరా గొట్టంతో ముక్కులోంచి శ్వాసగొట్టం పంపగల మత్తుడాక్టరు ఉన్నచోటే చేయించాలి. ఆ తర్వాత వ్యాయామం నొప్పిగానే ఉంటుంది, పిల్లవాడు ఏడుస్తాడు, అమ్మమ్మ ‘పోనీలే’ అంటుంది. ఆ పోనీలే దగ్గరే మళ్లీ అతుక్కోవడం మొదలవుతుంది. నొప్పి మందు వేసి అరగంట ఆగి వ్యాయామం చేయించండి, మానిపించొద్దు.

దవడ జారడం గురించి నాలుగు మాటలు. ఆవులించినప్పుడో, వాంతి చేసుకున్నప్పుడో నోరు తెరుచుకుపోయి మూతపడదు, చొంగ కారుతుంది, చెవి ముందు గుంట పడుతుంది. గడ్డాన్ని పైకి నెట్టి మూయించబోవద్దు, చెంప మీద కొట్టొద్దు. దవడ తల గూడు ముందున్న గట్టు దాటి నిలిచిపోయింది, పైకి నెడితే ఇంకా బిగుస్తుంది. రోగిని తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి తల గోడకు ఆనించి, డాక్టరు గుడ్డ చుట్టిన బొటనవేళ్లు కింది వెనక పళ్ల మీద పెట్టి ముందు కిందికి నొక్కి, గట్టు దిగాక వెనక్కి తోస్తారు. ఆ తర్వాత రెండు మూడు వారాలు నోరు పెద్దగా తెరవకూడదు. వాంతులు ఆగడానికి ఇచ్చే కొన్ని సూదుల తర్వాత దవడ ఇలా వంకర పోతే ఆ సూది సంగతి చెప్పండి, విరుగుడు మందు ఉంది.

దవడ నొప్పే అయినా ఆగకూడని సందర్భాలు కొన్ని. జ్వరం, గడ్డం కింద వాపు, నోరు తెరుచుకోక మింగలేకపోవడం, ఇవి జ్ఞానదంతం దగ్గర చీము మెడలోకి దిగుతున్న లక్షణాలు, ఆ రాత్రే వెళ్లాలి. గాయమైన కొన్నాళ్లకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు. 50 దాటినవాళ్లకు కణతల్లో కొత్త నొప్పి, నమిలితే దవడ అలసిపోయి ఆగితే తగ్గడం, చూపు మసకబారడం ఉంటే కణత రక్తనాళం వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది. మెట్లెక్కినప్పుడు ఎడమ దవడ లాగి చెమట పడితే ముందు ఈసీజీ. కింది పెదవి కారణం లేకుండా తిమ్మిరెక్కితే గడ్డ ఉందేమో చూడాలి.

మీ పత్రిక ద్వారా మేము అడుగుతున్నది ఇది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఓపీ చీటీ మీద బీపీ రాసే వరుసలో నోరు ఎంత తెరుచుకుంటోందో మిల్లీమీటర్లలో రాయమని చెప్పాలి. కుట్లు వేసే గదుల్లో గడ్డం దెబ్బ తగిలిన పిల్లలకు ఆ అంకె తప్పనిసరి చేయాలి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రుల్లో దవడ, ముఖ శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. కీలు అతుక్కుపోయిన పిల్లల ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందేమో అక్కడి పథకం సిబ్బందిని ముందే అడగండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడిన మందుల చీటీలు, తేదీలతో రాసిన నోటి కొలతల కాగితం వెంట తీసుకెళ్లండి.

ఇట్లు
దవడ, ముఖ శస్త్రచికిత్స వైద్యులు కొందరు,
విజయవాడ